55 డిగ్రీల దగ్గర తప్పిపోయిన ఎంజైమ్: కంపోస్టు మట్టి బాక్టీరియాపై ఒక కేస్ స్టడీ

చెన్నై దక్షిణ శివార్లలో నేను నడిపే చిన్న సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలకు వచ్చే పనిలో ఎక్కువ భాగం నీటి పరీక్షలు, ఆహార పరీక్షలు. ఏడాదికి ఒకటో రెండో సార్లు మాత్రం ఎవరో ఒకరు తమ సొంత బాక్టీరియాను పట్టుకొని, అది ఒకరోజు పనిచేసి మరొకరోజు ఎందుకు పనిచేయడం లేదో చెప్పమని వస్తారు. ఇది అటువంటి కేసు. సంబంధితుల అనుమతితోనే రాస్తున్నాను. సంస్థ వివరాలను, బాక్టీరియాకు వారు పెట్టుకున్న సంకేతాన్ని, కాలాన్ని వదిలేశాను. ప్రయోగాల క్రమాన్ని మాత్రం మార్చలేదు. అందులో నేను ఇచ్చిన ఒక తప్పుడు సలహా కూడా ఉంది.

నేపథ్యం

వచ్చినవారు ఇద్దరు భాగస్వాములు, చాలాకాలం క్రితం ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. కూరగాయల వ్యర్థాలతో కంపోస్టు తయారుచేయడం వారి అసలు వ్యాపారం. కంపోస్టు కుప్ప లోపల వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. ఉదయాన్నే కుప్పను తిరగేస్తే అన్నం గంజి వార్చినట్టు ఆవిరి లేస్తుంది. వారి దగ్గర పనిచేస్తున్న రాయలసీమ అమ్మాయి, ఎమ్మెస్సీ సూక్ష్మజీవశాస్త్రం చదివినది, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కుప్ప అడుగున ఉన్న మట్టిని తీసి, నీటిలో కలిపి, 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచింది. ఆ వేడికి మామూలు కణాలు చచ్చిపోతాయి, వేడిని తట్టుకొనే నిద్రాణ రూపాలైన సిద్ధబీజాలు మిగులుతాయి. మిగిలినవాటిని వెన్న తీసిన పాలు కలిపిన అగర్ ప్లేట్ల మీద 55 డిగ్రీల దగ్గర పెంచింది. ఒక కాలనీ చుట్టూ పాల తెల్లదనం కరిగి పెద్ద తేట వలయం ఏర్పడింది. అదే బాక్టీరియాను 37 డిగ్రీల దగ్గర మరో ప్లేటుపై పెంచి, పైన మైక్రోకాకస్ లూటియస్ అనే పసుపు బాక్టీరియాను పరిస్తే, దాని చుట్టూ పసుపు పెరుగుదల ఆగిపోయిన మరో వలయం వచ్చింది. అంటే ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ (ప్రోటియేజ్) ఒకటి, సూక్ష్మజీవులను ఆపే పదార్థం ఒకటి, రెండూ ఒకే జీవిలో ఉన్నాయి.

బాక్టీరియాను గుర్తించడానికి చదివే 16ఎస్ జన్యుక్రమం బాసిలస్ లైకెనిఫార్మిస్ సమూహానికి దగ్గరగా వచ్చింది. ఈ సమూహంలోని జాతులను 16ఎస్ ఒక్కదానితో విడదీయడం కుదరదు కనుక, జైరేజ్ జన్యువును కూడా చదివించేదాకా జాతి పేరు రాయవద్దని మొదటి రోజే చెప్పాను. ఇంకొక మాట కూడా చెప్పవలసి వచ్చింది. ఈ సమూహం 55 డిగ్రీలను తట్టుకుంటుంది కానీ, 55 నుంచి 65 మధ్య హాయిగా పెరిగే జియోబాసిలస్ వంటి నిజమైన ఉష్ణప్రియ బాక్టీరియా కాదు. భాగస్వాములకు ఈ తేడా రుచించలేదు. 1960లలో ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో దొరికిన థెర్మస్ అక్వాటికస్ గురించి, డీఎన్ఏ నకళ్ళు తీసే దాని ఎంజైమ్ టాక్ పాలిమరేజ్ తెచ్చిన డబ్బు గురించి వారు అప్పటికే చదివి ఉన్నారు. వేడిలో దొరికిన ప్రతి బాక్టీరియా వెనుక ఒక టాక్ ఉంటుందన్న ఆశను పోగొట్టడం నా వృత్తిలో కాస్త అప్రియమైన భాగం.

వారు తెచ్చిన సమస్య

"ప్లేటు మీద రెండూ కనిపిస్తాయి మేడమ్, ఫ్లాస్కులో ఒకటి సగం పోతుంది, ఇంకొకటి పూర్తిగా పోతుంది" అని ఆ అమ్మాయి మొదటి సమావేశంలోనే స్పష్టంగా చెప్పింది. తొలి మూడు విడతల్లో 60 డిగ్రీల దగ్గర కొలిచిన ప్రోటియేజ్ చర్య బాగుంది. తరువాత పరికరాలు మెరుగుపరచుకొని, పద్ధతి ప్రకారం చేసిన విడతల్లో అది పడిపోయింది. నిరోధక పదార్థం మాత్రం 48 గంటల ఫ్లాస్కు ద్రవంలో ఏ విడతలోనూ కనిపించలేదు. భాగస్వాముల ఆలోచన ప్రకారం, ఒకే ఫ్లాస్కు నుంచి రెండు సరుకులు రావాలి: తోళ్ళ శుద్ధికి ఎంజైమ్, నిల్వకు సూక్ష్మజీవ నిరోధకం.

జాగ్రత్తగా చేసిన పనికి తక్కువ ఫలితం, అజాగ్రత్తగా చేసిన పనికి ఎక్కువ ఫలితం వచ్చినప్పుడు, ఆ అజాగ్రత్తలో ఏదో ఉపయోగపడే వస్తువు ఉందని అనుమానించాలి. నేను అలా అనుమానించడానికి మూడు వారాలు పట్టింది.

మొదట చేసినవి

ముందు ప్లేట్లను చూశాం. 55 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రెండు రోజులుంటే అగర్ ఎండి అప్పడంలా ముడుచుకుపోతుంది. ఎండిన అగర్‌లో ఎంజైమ్ దూరం పాకదు కనుక వలయాల వ్యాసాలను ఒకదానితో ఒకటి పోల్చడం అర్థం లేని పని. ప్లేట్లను తడి దూదితో మూత గట్టి డబ్బాల్లో పెట్టించాను; కొన్నింటికి అగర్ బదులు, మెగ్నీషియం లవణంతో గడ్డకట్టి వేడికి బాగా నిలిచే గెల్లాన్ గమ్ వాడాం. తేట వలయం ఆమ్లం వల్ల వచ్చిందా, నిజంగా పాల ప్రోటీన్ కరిగినందువల్ల వచ్చిందా అన్నది ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం పోసి తేల్చుకున్నాం. వలయం నిజమైనదే.

తరువాత ఫ్లాస్కులు. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 100 మిల్లీలీటర్ల బ్రాత్ (ద్రవ మాధ్యమం) పోసి పెంచుతున్నారు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 55 డిగ్రీల దగ్గర అది 5 మిల్లీగ్రాముల దరిదాపుకు దిగుతుంది. గాలి ఎక్కువగా కోరే ఈ బాక్టీరియాను లోతైన ద్రవంలో ఉంచడం సరికాదు కనుక పరిమాణాన్ని 40 మిల్లీలీటర్లకు తగ్గించాం. పెరుగుదల మెరుగైంది, ఎంజైమ్ చర్య కూడా పెరిగినట్టు కనిపించింది. సంతోషించే ముందు ఫ్లాస్కులను తూచమన్నాను. దూది బిరడాల గుండా రెండు రోజుల్లో కనిపించేంత నీరు ఆవిరైపోయింది. ఎంజైమ్‌లో పెరిగినదనుకున్న దానిలో కొంత కేవలం ద్రవం చిక్కబడటమే. అప్పటినుంచి ప్రతి నమూనాకు ముందు ఫ్లాస్కును తూచి, తగ్గిన బరువుకు సరిపడా శుద్ధి చేసిన నీరు కలపడం నియమం చేశాం.

నా తప్పు

అసలు గండం కొలిచే పద్ధతిలో ఉందని తెలిసింది ఆ తరువాతే. పాల ప్రోటీన్ అయిన కేసీన్‌ను ఎంజైమ్‌తో 60 డిగ్రీల దగ్గర ఉంచి, విడివడిన టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఫోలిన్ ద్రావణంతో కొలిచే మామూలు పద్ధతి అది. వాడిన బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) ట్రిస్, 25 డిగ్రీల గదిలో పీహెచ్ 8.5కు సరిచేసినది. ట్రిస్ పీహెచ్ ప్రతి డిగ్రీ వేడికి సుమారు 0.028 చొప్పున పడిపోతుంది. 25 నుంచి 60కి వెళ్ళేసరికి ఆ తగ్గుదల దాదాపు ఒక పూర్తి ప్రమాణం. అంటే సీసా మీద 8.5 అని రాసి ఉన్నా, ఎంజైమ్ పనిచేస్తున్నది 7.5 దగ్గర. క్షారంలో చురుకుగా ఉండే ప్రోటియేజ్‌ను తటస్థ ద్రావణంలో పెట్టి, మందకొడిగా ఉందని నిందించాం.

పీహెచ్ మీటరులో ఉష్ణోగ్రత సవరణ ఉంది కదా అని ఆ అమ్మాయి అడిగింది. ఈ ప్రశ్నను అనుభవజ్ఞుల నోట కూడా విన్నాను కనుక సమాధానం ఇక్కడ రాస్తున్నాను: మీటరులోని సవరణ ఎలక్ట్రోడ్ ఇచ్చే వోల్టేజిని ఆ ఉష్ణోగ్రతకు తగ్గట్టు లెక్కిస్తుంది, అంతే. చల్లగా ఉన్న బఫర్ వేడెక్కితే దాని పీహెచ్ ఎంత అవుతుందో ముందుగా చెప్పదు.

ఇక్కడ నేను తొందరపడి, ట్రిస్ వదిలేసి ఫాస్ఫేట్ వాడమన్నాను. ఫాస్ఫేట్ పీహెచ్ వేడితో దాదాపు కదలదు. కాగితం మీద ఆ సలహాలో తప్పు లేదు. ఫలితం మాత్రం ఇంకా అధ్వాన్నమైంది: తొలి ఐదు నిమిషాల్లో మంచి చర్య కనిపించి, అరగంటకల్లా ఎంజైమ్ చచ్చిపోయింది. పైగా కొన్ని గొట్టాల అడుగున సన్నని తెల్లని మడ్డి చేరింది. ఆ మడ్డిని నేను అవక్షేపించిన కేసీన్ అనుకొని పట్టించుకోలేదు. అది కాల్షియం ఫాస్ఫేట్ అని వెంటనే గ్రహించి ఉంటే పది రోజులు కలిసివచ్చేవి.

బోరు నీళ్ళు

మలుపు ఒక మొహమాటపు ఒప్పుకోలుతో వచ్చింది. పాత నోటు పుస్తకాన్ని పేజీ పేజీగా చూస్తూ, బాగా వచ్చిన తొలి మూడు విడతలకూ తరువాతి వాటికీ తేడా ఏమిటని అడిగాను. మాధ్యమం అదే, ఉష్ణోగ్రత అదే, బాక్టీరియా అదే. కాసేపు నసిగాక ఆ అమ్మాయి అసలు విషయం చెప్పింది. "అప్పుడు డిస్టిలేషన్ యూనిట్ పాడైంది మేడమ్. బోరు నీళ్ళతోనే మాధ్యమం చేశాను. తిడతారని రాయలేదు."

చెన్నైలో అద్దెకుండేవారికి బోరు నీళ్ళ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బకెట్ల అంచులకు తెల్లగా గారకట్టేదీ, సబ్బు నురగ రానివ్వనిదీ ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియమే. లైకెనిఫార్మిస్ సమూహం విడుదలచేసే ప్రధాన ప్రోటియేజ్ సబ్టిలైసిన్ రకానిది. దాని చురుకు స్థానంలో కాల్షియం లేదు, కానీ అణువు మడత వేడికి విడిపోకుండా కుట్లు వేసినట్టు పట్టి ఉంచేది కాల్షియమే. కాల్షియం లేకపోతే 60 డిగ్రీల దగ్గర మడత సడలుతుంది, సడలిన అణువును పక్కనున్న తోటి ప్రోటియేజ్ అణువే కోసి తింటుంది. తొలి విడతలు బోరు నీళ్ళ కాల్షియంతో నిలబడ్డాయి. పద్ధతి ప్రకారం చేసిన విడతలు శుద్ధమైన నీటిలో కాల్షియం లేక పస్తులున్నాయి. నా ఫాస్ఫేట్ వచ్చి, మిగిలిన కాస్త కాల్షియాన్ని కూడా మడ్డిగా దించేసింది.

ఊహ ఎంత అందంగా కుదిరినా పరీక్షించకుండా నమ్మకూడదు కనుక మూడు పనులు చేశాం. సెరీన్ ప్రోటియేజ్‌లను ఆపే పీఎంఎస్ఎఫ్ కలిపితే చర్య పూర్తిగా ఆగింది. లోహాలను లాగేసే ఈడీటీఏ కలిపి 37 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు కొలిస్తే చర్య దాదాపు అలాగే ఉంది, 60 దగ్గర మాత్రం వేగంగా పడిపోయింది. లోహం కోతకు కాదు, నిలకడకు కావాలని ఈ రెండూ కలిసి చెబుతాయి. మూడోది, శుద్ధమైన నీటి విడతకు 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలిపితే గంట తరువాత కూడా ఎంజైమ్ పనిచేస్తూ ఉంది.

బఫర్ విషయంలో తిరిగి ట్రిస్‌కే వచ్చాం, కానీ ఎలక్ట్రోడ్‌ను 60 డిగ్రీల దగ్గరే ప్రమాణీకరించి, బఫర్‌ను కూడా 60 దగ్గరే సరిచేశాం. పీహెచ్ తక్కువగా కదిలే బోరేట్ వాడవచ్చు కదా అని ఒక భాగస్వామి ఎక్కడో చదివి సూచించారు. బోరేట్ ఈ రకపు ప్రోటియేజ్‌లను కొంత అణచిపెడుతుంది. ద్రవ డిటర్జెంట్లలో ఎంజైమ్ సీసాలోనే తనను తాను తినేయకుండా బోరేట్ కలిపేది అందుకే. నిద్రపుచ్చే మందు పోసి పరుగు కొలవడం ఎందుకని వద్దన్నాను.

రెండో పదార్థం

నిరోధక పదార్థం కథ వేరు. 48 గంటల దగ్గర ఏమీ లేదని అన్నారే కానీ, మధ్యలో ఎవరూ చూడలేదు. ఆరు గంటలకొకసారి నమూనా తీయించాను. 24 గంటల పైతేటలో (కణాలను తీసేసిన ద్రవంలో) మైక్రోకాకస్‌పై చక్కని నిరోధ వలయం ఉంది, 36కు తగ్గింది, 48కి లేదు. పదార్థం తయారవుతోంది, తరువాత నాశనమవుతోంది. గ్రామ్ నెగటివ్ జీవి అయిన ఇ.కోలైపై మాత్రం ఏ దశలోనూ ప్రభావం లేదు.

ప్రోటియేజ్ ఉన్న ద్రవంలో ఒక పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) మాయమైతే అనుమానం ప్రోటియేజ్ మీదికే పోతుంది. ఆ అమ్మాయి నన్ను అడగకుండానే ఈడీటీఏ కలిపి ప్రోటియేజ్‌ను ఆపి చూసింది. 24 గంటల నమూనాలో ఉన్న వలయం కూడా పోయింది. ఆమె దీన్ని ప్రయోగం చెడిపోవడంగా పక్కన పెట్టింది. నాకు మాత్రం అది మొత్తం కేసులో అన్నిటికంటే విలువైన ఫలితంగా కనిపించింది. పదార్థం పనిచేయడానికే ఒక లోహం కావాలేమోనని జింక్ క్లోరైడ్ కొద్దిగా కలిపించాను. వలయం తిరిగి వచ్చింది. జింక్ మాత్రమే ఉన్న బావిలో (అగర్‌లో తవ్విన చిన్న గుంటలో) ఏ వలయమూ లేదని సరిచూసుకున్నాకే దాన్ని నమ్మాను. లైకెనిఫార్మిస్ బంధువు, గ్రామ్ పాజిటివ్ జీవులపైనే ప్రభావం, జింక్ అవసరం: ఈ మూడూ కలిస్తే బాసిట్రాసిన్ అనే యాంటిబయాటిక్ పేరు గుర్తురాకుండా ఉండదు.

నాశనం ఎలా జరుగుతోందో తేల్చడానికి 24 గంటల పైతేటను 10 కిలోడాల్టన్లకు మించిన పెద్ద అణువులను ఆపే పొర గుండా వడకట్టాం. సుమారు 27 కిలోడాల్టన్ల ప్రోటియేజ్ పైన ఆగిపోయింది, ఒకటిన్నర కిలోడాల్టన్లైనా లేని పెప్టైడ్ కిందికి దిగింది. ప్రోటియేజ్ లేని ఆ ద్రవాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి పీహెచ్ 7 దగ్గర, ఇంకొకటి 9 పైన, రెండింటినీ రాత్రంతా 55 డిగ్రీల దగ్గర ఉంచాం. కొలిచే ముందు రెండింటినీ తటస్థం చేశాం, లేకపోతే క్షారమే వలయం చేస్తుంది. తెల్లారేసరికి 7 దగ్గర ఉన్నదానిలో చాలావరకు మిగిలింది, 9 దగ్గర ఉన్నదానిలో ఏమీ లేదు. ప్రోటియేజ్ నిర్దోషి. ప్రోటీన్ అధికంగా ఉన్న మాధ్యమంలో బాక్టీరియా అమైనో ఆమ్లాలను తిని అమ్మోనియా వదులుతుంది. 36 గంటలకల్లా ఫ్లాస్కు పీహెచ్ 9 దరికి చేరుతోంది. ఆ క్షారం, ఆ వేడి కలిసి పదార్థాన్ని చంపుతున్నాయి. 37 డిగ్రీల ప్లేటు మీద ఆ రెండూ లేవు.

ద్రవ్యరాశి పరీక్షకు బయటికి పంపాం. 1422 డాల్టన్ల దగ్గర, బాసిట్రాసిన్-ఏ ఉండవలసిన చోటే, శిఖరం వచ్చింది. 1943లో మార్గరెట్ ట్రేసీ అనే బాలిక గాయం నుంచి వేరుచేసిన బాసిలస్‌లో దొరికి, ఆమె ఇంటిపేరును తన పేరులో కలుపుకొని, 1945లో ప్రకటితమైన మందు ఇది. భాగస్వాముల ముఖాలు వాడిపోయాయి. పేటెంటు న్యాయవాదికి ముందస్తుగా కట్టబోతున్న డబ్బు మిగిలిందని చెప్పాను. అప్పటికి అది పెద్ద ఓదార్పు కాలేదు.

చివరికి నిలిచిన పద్ధతి

ఒకే ఫ్లాస్కు, రెండు సరుకులు అన్న ఆలోచనను వదిలేయమన్నాను. ఆహారానికి వాడే ఎంజైమ్ సరుకులో యాంటిబయాటిక్ చర్య ఉండకూడదన్నది అంతర్జాతీయ నిర్దేశం. బాసిట్రాసిన్ జింక్‌ను పశువుల పెరుగుదల కోసం దాణాలో కలపడాన్ని ఐరోపా సమాఖ్య 1999లోనే ఆపింది. రెండు గుణాలూ కలిసి ఉండటం వీరు అనుకున్నట్టు వరం కాదు, శుద్ధి చేయవలసిన అదనపు భారం. వేరుచేయడానికి మేము మొదట అమ్మోనియం సల్ఫేట్‌తో ప్రోటీన్‌ను దించి, శుద్ధమైన నీటిలో డయాలసిస్ చేసి (చిన్న అణువులను పొర గుండా బయటికి పోనిచ్చి), కాల్షియాన్ని మళ్ళీ కడిగేసుకున్నాం. పాఠం చదివినవారు పరీక్షలో తప్పడం ఇలాగే ఉంటుంది. తరువాత 10 కిలోడాల్టన్ల పొరపై, కాల్షియం కలిపిన బఫర్‌తో పలుమార్లు కడగడం స్థిరపడింది. పైన మిగిలిన ఎంజైమ్ గాఢతలో మైక్రోకాకస్ వలయం రాని దాకా కడగడమే హద్దు.

తోళ్ళ శుద్ధి మాట కూడా మార్చవలసి వచ్చింది. పచ్చి తోలు 60 డిగ్రీలు దాటితే కుంచించుకుపోతుంది. వెంట్రుకలు ఊడదీసే పని జరిగేది ఇక్కడి గది వేడిలోనే. 60 దగ్గర మెరిసే ఎంజైమ్‌ను 30 దగ్గర వాడితే దాని బలంలో కొంతే దక్కుతుంది. పైగా అది కొల్లాజెన్‌ను ముట్టకూడదు, ఆ పరీక్ష వీరు చేయలేదు. హోటళ్ళ దుప్పట్లు వేడినీటిలో ఉతికే లాండ్రీలకు అదే ఎంజైమ్ నప్పుతుందని సూచించాను. అక్కడ కూడా డిటర్జెంటులో నీటి కాఠిన్యాన్ని తగ్గించే పదార్థాలు కాల్షియాన్ని లాగేస్తాయి కనుక, ఉత్త బఫర్‌లో కాక వారు కొనే అసలు పొడితో, అసలు కుళాయి నీటితో పరీక్షించాకే ధర చెప్పమన్నాను. దేశంలో సేకరించిన జీవవనరును వ్యాపారానికి వాడుతున్నారు కనుక 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద రాష్ట్ర జీవవైవిధ్య మండలికి తెలియజేయవలసిన సంగతిని కూడా గుర్తుచేశాను. అప్పటిదాకా ఎవరికీ ఆ ధ్యాస లేదు.

ఈ కేసు తరువాత మా ప్రయోగశాలలో కొన్ని అలవాట్లు మారాయి. బఫర్ సీసా మీద పీహెచ్ పక్కన అది ఏ డిగ్రీ దగ్గర సరిచేసిందో రాయనిదే అలమరలో పెట్టనివ్వను. నోటు పుస్తకంలో నీటికి ఒక వరుస చేరింది: డిస్టిల్డ్, ఆర్ఓ, మెట్రో, లారీ, బోరు, ఏదైతే అది. బోరు నీళ్ళు వాడినందుకు ఇక్కడ ఎవరినీ తిట్టము. తిట్టే భయం లేకపోయి ఉంటే ఈ కేసు నెల రోజుల ముందే తేలేది.

ఒక్క పని మాత్రం సంస్థవారు వాయిదా వేస్తూ వచ్చారు. పొర కిందికి దిగిన ద్రవంలో బాసిట్రాసిన్ ఉంటుంది. దాన్ని అలాగే తూములో పోస్తే, మురుగునీటిలోని బాక్టీరియాను ఈ మందుకు మనమే అలవాటు చేసినట్టవుతుంది. 48 గంటల ఫ్లాస్కు మాకు చూపించిన నాశనాన్నే ఇక్కడ మందుగా వాడాం: ద్రవాన్ని క్షారంతో 9.5 దాటించి, 55 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, ఉదయం తటస్థం చేసి, మైక్రోకాకస్ ప్లేటులోని బావిలో పోస్తారు. మర్నాటికి బావి చుట్టూ పసుపు పొర అంచు దాకా పెరిగి ఉంటేనే ఆ డ్రమ్మును ఖాళీ చేస్తారు.